ఎడమ పక్క గీతలు

ఆ సందులో ఎవరి బండికి గీత పడినా ముందు గీసినవాణ్ణి నాలుగు తిట్టి, ఆ తరవాత పాలిష్ పిన్నిని వెతుక్కుంటూ వస్తారు. ఆమె అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉందేమో గానీ సందులో ఒక్కరికీ గుర్తులేదు. పొద్దున ఆరింటి నుంచి పన్నెండు దాకా లాండ్రీలో హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఇంటికొచ్చి రెండు ముద్దలు తిని, చిన్న పీట తెచ్చుకుని, ఏ కారు తలుపు ముందో, ఏ స్కూటరు మడ్‌గార్డు ముందో కూర్చుంటుంది. ఎవరైనా పలకరిస్తే తలెత్తదు. "నీడ పడుతోంది, కాస్త జరుగు" అంటుంది. అవతల ఉన్నది ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, జరగాల్సిందే.

ఈ విద్య ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. పెద్దన్నయ్య కార్ల షెడ్డులో పెయింటరు. పెళ్ళికాక ముందు ఆమె రోజూ అతనికి క్యారేజీ పట్టుకెళ్ళేది. అతను తినేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేక, రంగును నునుపు చేసే వాటర్ పేపరు తడిపి ఇవ్వడం మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి షెడ్డుకొచ్చిన చిన్న గీతలన్నీ ఆమె చేతికే వచ్చాయి. "నీ చెయ్యి నాకుంటే ఈపాటికి సొంత షెడ్డు పెట్టేసేవాణ్ణి" అనేవాడు అన్నయ్య. అది పొగడ్తో ఏడుపో ఆమెకు ఈనాటికీ తేలలేదు.

గీతను చూడగానే ఆమె చేసే మొదటి పని దాని మీద గోరు అడ్డంగా లాగడం. గోరు జారిపోతే గీత పైపైనే ఉన్నట్టు. పాలిష్ పేస్టు పెట్టి మెత్తటి గుడ్డతో రుద్దితే పోతుంది. గోరు తట్టుకుంటే లోపలికి దిగినట్టు, ఇక ఓపిక పట్టాల్సిందే. సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, చుట్టూ టేపు అంటించి, అగ్గిపుల్ల మొన చెక్కి, దాంతో రంగును చుక్క చుక్కగా గీతలో నింపాలి. ఆరనివ్వాలి. మళ్ళీ నింపాలి. పైన మెరుపు పూత వెయ్యాలి. అదీ ఆరాక రెండువేల నంబరు వాటర్ పేపరు తడిపి, ఊపిరి బిగబట్టి, పసిపిల్ల చెంప తుడిచినంత మెత్తగా రుద్దాలి. ఇంత తతంగం ఎందుకు పిన్నీ, టూత్‌పేస్టు రుద్దినా పోతుందట కదా, నెయిల్ పాలిష్ పూసినా సరిపోతుందట కదా అని సలహా చెప్పేవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళందరికీ ఒకటే జవాబు.

"టూత్‌పేస్టు పళ్ళకి, నెయిల్ పాలిష్ గోళ్ళకి. నీ కారుకి పళ్ళున్నాయా, గోళ్ళున్నాయా?"

ఇంతమంది బళ్ళు బాగుచేసిన మనిషి అందరికన్నా ఎక్కువసార్లు బాగుచేసింది సొంత మొగుడి కారునే. ఆ సంగతి సందులో ఎవరికీ తెలియదు. ఆ మొగుడికీ తెలియదు. తెలియనివ్వకపోవడం వల్లే ఆయన ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను నిలుస్తుందా లేదా అన్నది ఇప్పుడు ఆమె నోరు విప్పడం మీద ఉంది. అసలు విషయం అదీ. మిగిలినదంతా అది ఇక్కడిదాకా ఎలా వచ్చిందన్న కథ.

ఆయన ఇరవై రెండేళ్ళుగా డ్రైవరు. సొంత కారే, ముదురు నీలం. ఒక కంపెనీ ఉద్యోగుల్ని పొద్దున ఆఫీసుకు చేర్చి, సాయంత్రం ఇళ్ళకు దింపుతాడు. మనిషి మంచివాడు. తాగడు, పెద్దగా అరవడు, బండిలో ఎక్కిన ఆడపిల్లలు ఇంటి గుమ్మం దాటి లోపలికి వెళ్ళేదాకా ఇంజను ఆపుకుని నిలబడతాడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే. బండి మీద గీత పడకూడదు. "ఇరవై రెండేళ్ళలో నా చేతిలో ఏ బండికీ ఒక్క గీత పడలేదు" అన్న మాట, బాగున్నారా అని మర్యాదకు అడిగిన పాపానికి, ఎంతమంది విన్నారో చెప్పలేం. కంపెనీలో ఆయన్ని గీతలేని సారు అంటారు. వెక్కిరింపుగానే మొదలుపెట్టారు గానీ ఆయన దాన్ని బిరుదుగా తీసుకున్నాడు.

ఈ కారు కొన్న కొత్తలో ఎవడో తాళంచెవితో తలుపు మీద గీసి పోయాడు. ఆయన మూడు రోజులు అన్నం ముట్టలేదు. సందులో ప్రతి తలుపూ తట్టి "నువ్వా, మీవాడా" అని అడిగాడు. పాలు పోసే అతనితో తగువు, మేడ మీద వాళ్ళతో తగువు. ఎదురింటి టైలరుతో ఏడాదిపాటు మాటల్లేవు. మూడోరోజు మధ్యాహ్నం కళ్ళు తిరిగి గుమ్మంలో పడిపోతే ఆమే లేవదీసి పంచదార నీళ్ళు పట్టింది. గీతను ఆమె ఆ సాయంత్రమే మాయం చేసింది గానీ, సందులో మనుషుల్ని మళ్ళీ కలుపుకోవడానికి చాలా కాలం పట్టింది. ఇకమీదట ఈ మనిషికి గీత కనబడనివ్వకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నంత పని చేసింది.

ఆ అవసరం మూడేళ్ళ కిందట వచ్చింది. ఆయన ఒంటిగంటకు వచ్చి, తిని, నాలుగింటిదాకా పడుకుంటాడు. ఆ వేళకే ఆమె కారు కడుగుతుంది. ఆ రోజు ఎడమ పక్క వెనక చక్రం పైన బెత్తెడు గీత, అందులో గోడ సున్నం. గోరు పెట్టి చూసింది, జారింది. లోపల్నుంచి గురక వినబడుతోంది. గంటన్నరలో గీత లేదు. ఆయన లేచి టీ తాగి, కారు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, గుడ్డతో తుడుచుకుని, హాయిగా బయలుదేరాడు. కిటికీ దగ్గర నిలబడి చూస్తున్న ఆమెకు ఎంత సంతోషమేసిందో చెప్పలేం. భోజనం మానలేదు, తగువు లేదు, ఇల్లు ఇల్లులా ఉంది. అంతకన్నా ఏం కావాలి?

రెండు నెలలకు ఇంకొకటి, వెనక తలుపు కింద. ఆ తరవాత నెలకొకటి. లోతు గీతలకు ఒక్క మధ్యాహ్నం చాలదు, రంగు ఆరడానికి ఒక పూట కావాలి. కారు ఎడమ పక్క గోడకు దగ్గరగా, ఒక మనిషి పట్టేంత చోటు మాత్రం వదిలి నిలబడుతుంది కాబట్టి సరిపోయింది. పొద్దున ఐదింటికి ఆయన గుడ్డ పట్టుకుని చుట్టూ తిరిగేటప్పుడు ఆ టేపు ముక్కలు కూడా కనబడేవి కావు. చీకటి కదా అనుకుంది. చీకటి ఒక్కటే కారణం కాదని ఆమెకు తట్టలేదు. ఎందుకు తట్టలేదంటే, నిజం చెప్పుకోవాలి, తట్టాలని ఆమె కూడా పెద్దగా కోరుకోలేదు. గీత కనబడగానే దిగులు కన్నా ముందు ఆమెకు చేతులు దురద పెట్టేవి. లాండ్రీలో ఎన్ని దుప్పట్లు మడత పెట్టినా ఎవరూ మెచ్చుకోరు. ఇక్కడ కూడా మెచ్చుకునేవాళ్ళు లేరు గానీ, నాలుగింటికి లేచిన మొగుడు ఏమీ కనిపెట్టకుండా తలుపు తీసుకుని కూర్చుంటే అదే పెద్ద మెప్పు.

తప్పు ఎవరి మీదో ఒకరి మీద పెట్టాలి కాబట్టి ఎదురింటి టైలరు గేటు స్తంభం మీద పెట్టింది. ఒకరోజు తిన్నగా వెళ్ళి అతని మిషను ముందు నిలబడింది.

"మీ గేటు స్తంభం సందులోకి వచ్చేసింది. కాస్త కొట్టించండి" అంది.

టైలరు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చూశాడు. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైనా అందరితోపాటు అతనూ పిన్నిగారనే అంటాడు. "పిన్నిగారూ, ఆ స్తంభం మా నాన్న కట్టించాడు. నలభై ఏళ్ళుగా అక్కడే ఉంది. కాళ్ళొచ్చి నడిచిందంటారా?"

"నాకు తెలీదు. మా బండి తిప్పడానికి ఇబ్బందిగా ఉంది."

"గీతలేని సారుకి ఇబ్బందా? ఆయనొచ్చి చెప్పమనండి, ఈ నిమిషమే కొట్టించేస్తా."

ఆయన ఎలా వచ్చి చెబుతాడు? ఆమె వెనక్కి వచ్చేసింది. పోనీలే అనుకున్నాడో ఏమో, టైలరు ఆ వారంలో స్తంభానికి తెల్ల సున్నం కొట్టించాడు. తరవాత పడిన గీతలో తెల్ల సున్నం లేదు. పసుపు రంగు పెయింటు ఉంది. సందులో పసుపు రంగు స్తంభం ఎక్కడా లేదు. థిన్నరు గుడ్డతో ఆ పసుపు తుడిచేసి, అగ్గిపుల్ల చెక్కుకుంది.

పెద్దన్నయ్య ఏడాదికొకసారి చూడ్డానికి వస్తాడు. నిరుడు వచ్చినప్పుడు కారు చుట్టూ తిరుగుతూ ఎడమ తలుపు దగ్గర ఆగాడు. మామూలు మనుషులకు కనబడదు గానీ అతను గురువు. వెలుతురుకు తల వంచి చూసి, ఒక చోట, ఇంకో చోట, మూడో చోట వేలు పెట్టాడు.

"ఇదంతా నీ పనేనా?"

"మెల్లగా అన్నయ్యా. ఆయన పడుకున్నారు."

"పని బాగుంది. నేనే మూడో చూపుకి గానీ కనిపెట్టలేకపోయా" అని, గడ్డం గోక్కున్నాడు. "అన్నీ ఎడమ పక్కనే ఉన్నాయేమిటే? బావగారు అటుపక్క చూడ్డం మానేశాడా?"

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. ఇద్దరూ టీ తాగడానికి లోపలికి వెళ్ళారు.

ఈ మధ్య లైసెన్సు గడువు దగ్గరపడింది. కొత్తది రావాలంటే కళ్ళు బాగున్నాయని డాక్టరు సంతకం కావాలి. ఆయన ఒక్కడే వెళ్ళాడు. రెండు కళ్ళతో గోడ మీది అక్షరాలన్నీ కింది వరస దాకా గడగడా చదివేశాడట. డాక్టరు నల్లటి చెంచాలాంటి దాంతో ఎడమ కన్ను మూసి చదవమంటే అప్పుడూ చదివాడు. ఆ చెంచా కుడి కంటికి మార్చేసరికి కుర్చీలో ఇటూ అటూ కదిలి, "కరెంటు పోయిందా డాక్టరు గారూ?" అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి ఆయనే నవ్వుతూ చెప్పాడు. ఆమె చేతిలో గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టడానికి చోటు కనబడనట్టు అలాగే నిలబడింది.

ఆ డాక్టరు రాసిచ్చిన పెద్ద కంటి ఆస్పత్రికి ఇద్దరూ బస్సులో వెళ్ళారు. కళ్ళలో మందు వేస్తారు, బండి నడపకూడదని ముందే చెప్పారు. అక్కడ ఒక డొల్లలాంటి యంత్రంలో ఆయన గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటను నొక్కమన్నారు. ఆమె పక్కన బల్ల మీద కూర్చుని ఆ బటను చప్పుడు వింటూ ఉంది. కుడి కంటికి టక్కు టక్కుమని మోగుతూనే ఉంది. ఎడమ కంటికి వచ్చేసరికి చాలాసేపు ఏ చప్పుడూ లేదు. పరీక్ష అయిపోయిందేమో అనుకుంది. అవలేదు. ఇంకా నడుస్తూనే ఉంది.

డాక్టరు చిన్నపిల్లలా ఉంది గానీ మాట నిదానంగా ఉంది. కాగితం ముందు పెట్టింది. ఒక గుండ్రం దాదాపు అంతా నలుపు. రెండో గుండ్రానికి అంచు వెంట నలుపు మొదలైంది.

"గ్లకోమా అంటాం. నీటికాసులని మీరు వినే ఉంటారు. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతుంది. నొప్పి ఉండదు. ఒక కన్ను పోతుంటే రెండోది సర్దుకుంటుంది, అందుకని మనిషికి తెలీదు" అంది. తరవాత ఆయన వైపు చూసి అడిగింది. "ఈ రెండు మూడేళ్ళలో ఎడమ పక్క ఏమైనా తగులుతున్నాయా? తలుపులు, గోడలు? డ్రైవరంటున్నారు కదా, కారుకి ఎడమ పక్క గీతలు పడుతున్నాయా?"

"ఒక్కటి కూడా లేదమ్మా" అన్నాడాయన, వెన్ను నిటారుగా పెట్టి. "కావాలంటే మా ఇంటికొచ్చి చూసుకోండి. ఇరవై రెండేళ్ళు."

డాక్టరు ఆమె వైపు తిరిగింది. "మీరేమైనా గమనించారా?"

"లేదండీ" అంది ఆమె.

ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ఆ మాట తనంతట తానే వచ్చేసింది, మూడేళ్ళుగా రోజూ అదే చెబుతున్నట్టు.

"మామూలుగా అలాంటివి చూసే మేం ముందుగా పట్టుకుంటాం" అంది డాక్టరు. "రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే ఎడమ కన్ను చాలావరకు మిగిలేది. పోయిన చూపు ఇక రాదు. కుడి కంటిని మాత్రం కాపాడుకోవచ్చు. ఈ చుక్కల మందు రోజూ రెండు కళ్ళలో, ఒక్కరోజు కూడా మానకుండా వెయ్యాలి. బండి ఇక నడపకండి."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె ఏడుపు వస్తుందని కాచుకుని కూర్చుంది. రాలేదు. భయం కూడా రాలేదు. ముందు సీటు వెనక ఎవరో మేకుతో గీసిన గీత ఉంది. దాని మీదికి ఆమె గోరు వెళ్ళి ఆగింది. తట్టుకుందో జారిందో కూడా తెలియలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. ఆ చెయ్యిని ఎవరో అక్కడ మరిచిపోయి వెళ్ళినట్టుంది.

రెండు రోజులు అలాగే గడిచాయి. లాండ్రీకి వెళ్ళింది, దుప్పట్లు ఇస్త్రీ చేసింది, ఒక దుప్పటి మీద ఇస్త్రీపెట్టె అలాగే ఉంచేసి పక్కన పనిచేసే ఆవిడ చెయ్యి తట్టేదాకా కదల్లేదు. ఇంటికొచ్చి వంట చేసింది. స్కూటరుకి గీత పడిందని ఒకాయన వస్తే "ఇప్పుడు చెయ్యడం లేదు" అంది. ఎప్పుడు చేస్తారని అడిగితే అదే మాట మళ్ళీ అంది. చెప్పాలి అని తెలుసు. ఆ తెలియడం ఎక్కడో దూరంగా, పక్కింట్లో రేడియో మోగుతున్నట్టు ఉంది. ఎవరైనా వెళ్ళి కట్టేస్తే బాగుండుననిపించింది.

ఆయనకు మాత్రం ఏ దిగులూ లేదు. మందు సీసా ఫ్రిజ్‌లో పెట్టించాడు, మూత తియ్యలేదు. "ఆ యంత్రం పాడయిందే. ఆ అమ్మాయి చూడబోతే నిన్న చదువు పూర్తిచేసినట్టుంది. గడువు ఈ నెలాఖరు దాకా ఉంది, ఈలోగా ఇంకో డాక్టరు దగ్గర సంతకం పెట్టించుకుంటా" అన్నాడు. కంపెనీకి ఫోను చేసి సోమవారం నుంచి వస్తానని చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన పడుకోలేదు. కారు బయటికి తీసి, సందులో నిలబెట్టి, పైపు పట్టుకుని కడుగుతున్నాడు. టైలరు తన గేటు దగ్గర నిలబడి పలకరించాడు. ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది, మాటలన్నీ వినబడుతున్నాయి.

"ఏం సారూ, కంటికేదో అన్నారట?"

"వాళ్ళకేం, ఏదో ఒకటి అంటారు. ఎడమ పక్క కనబడ్డం లేదట నాకు. కనబడకపోతే ఏమవ్వాలి? ఈపాటికి కారు ఎడమ పక్కంతా గీతలు పడి ఉండాలా వద్దా? వచ్చి చూడండి. ఒక్కటి చూపించండి. యంత్రం తప్పు చెబుతుంది, డాక్టరు తప్పు చెబుతుంది, బండి చెప్పదు కదా."

టైలరు వచ్చి వంగి చూశాడు. "నిజమే సారూ. అద్దంలా ఉంది."

"రేపు పొద్దున్నే నలుగురు ఆడపిల్లల్ని ఎక్కించుకోవాలి నేను. తేడా ఉంటే ఎక్కించుకుంటానా?"

ఆమె లేచింది. లేవాలని అనుకున్నట్టు కూడా లేదు. లోపలికి వెళ్ళి, మంచం కింద ఉన్న రేకు పెట్టె లాగి, థిన్నరు డబ్బా, పాత దుప్పటి ముక్క తీసుకుని బయటికి వచ్చింది. టైలరు ఆమె ముఖం చూసి, మిషను మీద ఏదో వదిలేసి వచ్చానంటూ లోపలికి వెళ్ళిపోయాడు. దర్జీవాడైనా ఆ మాత్రం ఇంగితం ఉన్న మనిషి.

"ఏమండీ, ఒక మాట చెప్పాలి" అంది. "ఈ బండికి గీతలు పడ్డాయి. మూడేళ్ళుగా పడుతున్నాయి. అన్నీ ఎడమ పక్కనే. మీరు పడుకున్నప్పుడు నేను పూడ్చేశాను."

ఆయన పైపు కట్టేసి చూశాడు. తరవాత నవ్వాడు.

"నన్ను ఇంట్లో కూర్చోబెట్టడానికి బాగానే అల్లావు. డాక్టరమ్మ నేర్పిందా?"

"అల్లడం కాదండీ."

"అయితే చూపించు. ఎక్కడ?"

ఆయన తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, తల బాగా తిప్పి కుడి కంటితో చూశాడు. గోరు పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా లాగాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. అంత నున్నగా ఉంది. ఆ క్షణంలో ఆమెకు గర్వమేసింది. వేసిందని తెలియగానే సిగ్గేసింది. రెండు రోజుల తరవాత ఆమెకు మొదటిసారి కలిగిన భావం అదే, పాడు సిగ్గు.

గుడ్డ థిన్నరులో ముంచింది. ఫ్యాక్టరీలో వేసిన రంగు పొయ్యిలో కాల్చిన రంగు, థిన్నరు దాన్ని అంత తేలిగ్గా ఏమీ చెయ్యలేదు. ఇంట్లో పూసింది గాలికి ఆరిన రంగు, థిన్నరు తగిలితే కరిగిపోతుంది. వెనక చక్రం దగ్గర మొదలుపెట్టి గట్టిగా రుద్దింది. గుడ్డ నీలంగా మారింది. ఆ చోట బూడిదరంగు గీత ఒకటి బయటపడింది.

"ఇది రెండేళ్ళ కిందటిది. పసుపు పెయింటు ఉండేది ఇందులో" అంది.

ముందుకు జరిగింది. వెనక తలుపు మీద నాలుగు. "ఇవి ఒక్క నెలలోవి. సిమెంటు." ముందు తలుపు మీద మూరెడు పొడవున ఒకటి, దాని కింద చిన్నవి మూడు. అద్దం డిప్ప. ముందు బంపరు మూల. పేస్టుతో పోయినవి ఇక రావు, రంగు నింపినవి మాత్రం ఒకటొకటే వస్తున్నాయి. ఒక్కొక్కటి ఎప్పటిదో, అందులో ఏముందో, ఎన్ని పూటలు పట్టిందో ఆమె చెబుతూనే ఉంది, దుప్పట్ల లెక్క అప్పజెప్పినట్టు. బంపరు దగ్గర ఆగింది.

"ఇది కిందటి నెల. ఎర్ర రంగు అంటుకుని ఉంది. పక్కన టైరు రబ్బరు చార. సైకిలేమో. నాకు తెలీదు. తుడిచేశాను."

ఆయన వెనక చక్రం దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టి ఒక్కొక్క గీత మీద గోరు పెట్టి లాగాడు. ప్రతిచోటా గోరు తట్టుకుంది. ఆ చప్పుడు ఆమెకు వినబడింది. బంపరు దగ్గరికి వచ్చేసరికి గోరు పెట్టలేదు, అరచెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు.

"సైకిలు మీద ఎవరు?" అన్నాడు.

"తెలీదండీ. మీకు తెలియాలి."

"నాకు తెలీదు" అన్నాడు. "నాకేమీ తగిలినట్టు లేదు."

సందులో ఎవరో బకెట్టు పట్టుకుని వెళ్తూ కారు వైపు చూసి, ఆగబోయి, ఆగకుండా వెళ్ళిపోయారు. ఆయన బంపరు పట్టుకుని లేచాడు. ఒక్కసారిగా ముసలివాడైనట్టు లేడు, అదేం లేదు. ఉన్న మనిషిలాగే ఉన్నాడు. ముఖంలోంచి మాత్రం ఏదో తీసేసినట్టుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"అన్నం మానేస్తారని" అంది ఆమె.

పైకి అన్నాక ఆ మాట ఎంత చిన్నదో ఆమెకు తెలిసింది. ఒక కంటికి బదులుగా ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క కారణమే. ఇంకేదైనా కలపాలని వెతికింది. నాకు ఆ పని ఇష్టమండీ అని చెప్పాలి, అదీ నిజమే. నోరు రాలేదు. తిడతాడేమో అని చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన జేబులోంచి ఫోను తీసి కంపెనీకి చేశాడు. రేపు రావడం లేదని, ఎల్లుండి కూడా రావడం లేదని, ఇంకో బండి చూసుకోమని చెప్పాడు. అటువాళ్ళు ఏదో అడిగినట్టున్నారు. "కళ్ళు బాలేవు" అని పెట్టేశాడు.

తరవాత ఆమె పని చేసుకునే పీట మీద కూర్చున్నాడు.

"ఆ మందు తే."

ఆమె చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, ఫ్రిజ్‌లోంచి సీసా తెచ్చి, సీలు తెంపింది. ఆయన తల వెనక్కి వాల్చాడు. ముందు కుడి కన్ను. సీసా దగ్గరికి వచ్చేసరికి రెప్ప టపటపా కొట్టుకుంది, తల పక్కకు పోయింది, చుక్క చెంప మీద పడింది. "కదలకండి" అంది. రెండోసారీ అంతే. మూడోసారికి వేలితో రెప్ప పట్టుకుని వేస్తే పడింది. ఆయన ఆ కన్ను గట్టిగా మూసుకున్నాడు.

అప్పుడు ఎడమ కన్ను. రెప్ప పట్టుకోబోయింది, అవసరం లేకపోయింది. అది తెరుచుకునే ఉంది. ఆమె సీసా వంచి దగ్గరికి తెచ్చింది. ఇంకా దగ్గరికి తెచ్చింది. మొన కంటిపాపకు బియ్యపుగింజంత దూరంలో ఉంది. రెప్ప కదల్లేదు. ఆయన ఆకాశం వైపు ముఖం పెట్టుకుని కదలకుండా కాచుకుని కూర్చున్నాడు.

"సీసా తెచ్చావా?" అన్నాడు.

"తెస్తున్నా" అంది ఆమె.